తాబేలు పిల్ల ఆడదా, మగదా? నెల నెలా కొలిచి చూసిన నా అనుభవం

అరచేతిలో ఇమిడే రెడ్ ఇయర్డ్ స్లైడర్ (ఇళ్ళల్లో పెంచుకునే ఒక నీటి తాబేలు జాతి) పిల్లను తిరగేసి చూపించి "ఇది ఆడదా, మగదా?" అని అడుగుతారు. డిప్ప పొడవు 3 సెంటీమీటర్లున్న పిల్లకైతే ఈ ప్రశ్నకి కంటితో జవాబు దొరకదు. 10 సెంటీమీటర్లు దాటిన దానికి చాలావరకు దొరుకుతుంది. గందరగోళమంతా ఈ రెండింటి మధ్యే. ఆ మధ్యకాలంలో ఏం చూడాలి, ఎలా కొలవాలి, ఎక్కడ మోసపోతాం అన్నది తెలుసుకోవడానికి బెంగళూరులో మారతహళ్ళి, కె.ఆర్.పురం వైపు తెలుగువాళ్ళ ఇళ్ళల్లో పెరుగుతున్న పదకొండు పిల్లలను రెండేళ్ళపాటు నెలకోసారి కొలుస్తూ వచ్చాను. ఆ పద్ధతే ఇక్కడ రాస్తున్నాను.

ఆడో మగో తెలిస్తే ఏమిటి, తెలియకపోతే ఏమిటి అనుకోవచ్చు. మగది పెరిగి పెరిగి 15 నుంచి 20 సెంటీమీటర్ల దగ్గర ఆగుతుంది. ఆడది 25 దాటుతుంది, కొన్ని 30 దాకా వెళ్తాయి. డిప్ప ప్రతి అంగుళానికి సుమారు 40 లీటర్ల నీళ్ళు అని పెంపకందార్లు వేసే లెక్క ప్రకారం పెద్ద ఆడదానికి 400 లీటర్ల తొట్టి కావాలి. అపార్ట్‌మెంట్ హాల్లో అది ఎక్కడ పెడతారో ముందే ఆలోచించుకోవాలి. అంతకంటే పెద్ద విషయం గుడ్లు. మగది పక్కన లేకపోయినా ఆడది గుడ్లు పెడుతుంది. అవి పిల్లలవవు గానీ పెట్టడం మాత్రం తప్పదు. గుంట తవ్వుకోవడానికి నీళ్ళ బయట నేల దొరక్కపోతే గుడ్లు కడుపులోనే నిలిచిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఆడది అని ముందే తెలిస్తే అడుగు లోతు తడి ఇసుక, మట్టి కలిపి ఒక తొట్టి సిద్ధం చేసి పెట్టుకోవచ్చు. మగవి రెండు ఒకే తొట్టిలో ఉన్నా, మగది ఒక్కటే ఉండి ఆడదాన్ని రోజంతా వెంటాడుతున్నా విడదీయాల్సిందే. అందుకే ఇది సరదా ప్రశ్న కాదు.

కొలతకి కావలసిన సామాను తక్కువే. స్టీలు వెర్నియర్ కాలిపర్ (రెండు దవడల మధ్య పట్టి మిల్లీమీటర్లలో కొలిచే పరికరం) ఒకటి, ఒక గ్రాము వరకు చూపించే తూకం, పది రెట్లు పెద్దగా చూపే జేబు భూతద్దం, పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా, పిల్లల జామెట్రీ బాక్సులోని పారదర్శకమైన స్కేలు, ఫోను, నోటుబుక్కు. ఇవి వంటింట్లోకి వెళ్ళకూడదు. తాబేళ్ళ మీద మనుషులకి విరేచనాలు, జ్వరం తెచ్చే సాల్మొనెల్లా బాక్టీరియా ఉంటుంది. వంటింటి సింకులో కడగడం, మేత తూచే తూకంతోనే పిండి తూచడం రెండూ వద్దు. పట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, ఇంట్లో అయిదేళ్ళలోపు పిల్లలుంటే ఇంకా గట్టిగా పాటించాలి. అమెరికాలో 1975 నుంచి 4 అంగుళాల లోపు తాబేళ్ళ అమ్మకాన్ని నిషేధించింది ఈ బాక్టీరియా వల్లే. 4 అంగుళాలంటే పది సెంటీమీటర్లకి కాస్త పైన. అంటే అక్కడ అమ్మకానికి వచ్చేసరికే ఆడా మగా తేడా కనపడే సైజు. మన దగ్గర 3 సెంటీమీటర్ల పిల్లనే "జోడీ" అని చేతిలో పెడతారు.

ఉదయం మేత వెయ్యకముందే కొలుస్తాను. తిన్నాక పట్టుకుంటే చేతిలోనే విసర్జిస్తుంది, బరువూ తప్పుతుంది. ముందు పాత టూత్‌బ్రష్‌తో డిప్పని మెల్లగా తోమాలి. బెంగళూరు బోరు నీళ్ళ కాఠిన్యానికి పలకల మీద తెల్లటి పొర పేరుకుంటుంది, కొన్నిచోట్ల కాలిపర్ దవడ కింద అరమిల్లీమీటరు తేడా వచ్చేంత. పై డిప్ప పొడవును నిటారుగా తియ్యాలి. మెడ పైనున్న చిన్న పలక అంచు మధ్య నుంచి, తోక పైన రెండు పలకలు కలిసే నొక్కు దాకా. దర్జీ టేపుతో వంపు మీదుగా కొలిస్తే కొలత ఎక్కువ వస్తుంది, పైగా డిప్ప ఎత్తును బట్టి ఆ ఎక్కువ కూడా మారుతుంది. తర్వాత వెడల్పు, పొట్ట డిప్ప పొడవు, బరువు.

ఇక అసలు చోటు, తోక.

తాబేలును వెల్లకిలా తిప్పి తోక లాగి చూడటం అందరూ చేసే పని. ఇది రెండు రకాలుగా చెడ్డది. తోకని ముడుచుకుని ఒక పక్కకి తొడ కింద దాచేస్తుంది, లాగితే ఇంకా బిగిస్తుంది. చిన్నపిల్ల తోక వెన్నుపూసలు సన్నగా ఉంటాయి, దెబ్బ తింటుంది. ముడిచిన తోక కొలత ఎలాగూ తప్పే. నేను చేసేది ఇది. పారదర్శకమైన డబ్బా అడుక్కి బయటివైపు స్కేలును టేపుతో అతికిస్తాను. డబ్బాలో 26, 27 డిగ్రీల నీళ్ళు రెండు సెంటీమీటర్ల ఎత్తు పోసి, రెండు వైపులా పుస్తకాల దొంతర్ల మీద నిలబెట్టి, కింద ఫోనును పైకి చూసేలా పెడతాను. తాబేలును అందులో వదిలితే రెండు మూడు నిమిషాలు బిగుసుకుని ఉంటుంది. తర్వాత నడక మొదలుపెడుతుంది. నడిచేటప్పుడు తోక దానంతటదే నిటారుగా సాగుతుంది. అప్పుడు వరసగా పది పదిహేను ఫోటోలు. వాటిలో తోక పూర్తిగా చాచి ఉన్న మూడింటిని తీసుకుని పెద్దవి చేసి చూస్తాను. స్కేలు డబ్బా అడుక్కి ఉంటుంది, తోక దానికి కాస్త ఎత్తులో ఉంటుంది కాబట్టి మిల్లీమీటర్లు కొద్దిగా తక్కువ చూపిస్తాయి. ఒకే పిల్లని నెల నెలా ఒకే డబ్బాలో చూస్తే ఈ తప్పు పెద్దగా బాధించదు.

ఆ ఫోటోలో ఒక్కటే వెతకాలి. తోక అడుగున ఉండే అవస్కర రంధ్రం, అంటే మలం, మూత్రం, గుడ్డు అన్నీ వచ్చే ఒకే ద్వారం, పై డిప్ప అంచుకు లోపల ఉందా, బయట ఉందా? ఆడదానిలో ఆ రంధ్రం డిప్ప అంచు లోపలే, లేదా అంచు దగ్గరే ఉంటుంది; తోక మొదలు సన్నగా ఉండి పొట్టిగా ముగుస్తుంది. మగదానిలో జననాంగం తోక మొదట్లోనే లోపల మడిచి ఉంటుంది కాబట్టి ఆ భాగం లావెక్కి పొడుగవుతుంది, రంధ్రం వెనక్కి జరిగి అంచు దాటుతుంది. కారణం తెలిస్తే ఎక్కడ చూడాలో మర్చిపోం. తోక మొత్తం పొడవు చూడటం కంటే తోక మొదలు నుంచి రంధ్రం దాకా ఉన్న ముక్కని చూడటం మంచిది. తోక కొస కొరికించుకున్న తాబేళ్ళు చాలా ఉంటాయి, వాటి మొత్తం పొడవు ఏమీ చెప్పదు. రంధ్రం చోటు మాత్రం మారదు.

నా పుస్తకంలోని ఒక పిల్ల సంగతి చెప్తాను. పై డిప్ప 7.1 సెంటీమీటర్లు ఉన్నప్పుడు రంధ్రం అంచుకి 2 మిల్లీమీటర్లు లోపల ఉంది. 8.3 దగ్గర సరిగ్గా అంచు మీద. 9.6 దగ్గర 4 మిల్లీమీటర్లు బయట. అదే తొట్టిలో దాని జోడీగా వచ్చిన ఇంకో పిల్ల 7.0 దగ్గర 2 లోపల, 9.8 దగ్గర కూడా అంచు లోపలే. 7 సెంటీమీటర్ల ఫోటోలు రెండూ పక్కపక్కన పెడితే ఇప్పటికీ నేను తేడా చెప్పలేను. ఒక్కసారి చూసి చెప్పడం కుదరదు, జరుగుతున్న దిశను చూడాలి అని నేను పట్టుబట్టేది అందుకే.

రెండో గుర్తు ముందరి కాళ్ళ గోళ్ళు. మగ స్లైడర్‌కి ముందరి పాదంలో మధ్య మూడు గోళ్ళు బాగా సాగుతాయి. పెద్దయ్యాక ఆడదాని మొహం ముందు ఆ గోళ్ళను అల్లల్లాడించి మచ్చిక చేసుకోవడానికి అవి కావాలి. కాలిపర్‌తో మూడో గోరును చర్మం అంచు నుంచి కొస దాకా కొలుస్తాను. దాంతో పాటు వెనక పాదంలో మూడో గోరును కూడా తప్పకుండా కొలుస్తాను. ఈ వెనక గోరే తప్పుల్ని పట్టిస్తుంది. అడుగున రాయీ ఇసుకా లేకుండా ఉత్త గాజు మీద పెరిగిన ఆడపిల్లకి గోళ్ళు అరగవు, ముందరివి పొడుగ్గా కనిపించి మగదనిపిస్తాయి. కానీ దానికి వెనకవి కూడా అంతే పొడుగు ఉంటాయి. మగదానిలో ముందరివి మాత్రమే సాగుతాయి. దీనికి భిన్నంగా సిమెంటు తొట్టిలో గరుకు నేల మీద పాకిన మగదానికి ముందరి గోళ్ళు అరిగి ఆడదాని గోళ్ళలా ఉంటాయి. అక్కడ కొస మొద్దుగా ఉందా, పదునుగా ఉందా అని భూతద్దంతో చూస్తే అరుగుదల తెలిసిపోతుంది. మగవని తేలినవాటిలో 10 సెంటీమీటర్ల దగ్గర ముందరి గోరు వెనక గోరుకి ఒకటిన్నర రెట్లు దాటింది. ఆడవాటిలో రెండూ దాదాపు సమానం.

గోళ్ళు ఆడించడాన్ని మాత్రం సాక్ష్యంగా తీసుకోకండి. పిల్లలు, ఆడవీ మగవీ, రెండూ ఒకదాని ముందు ఒకటి చేతులు అల్లాడిస్తాయి. "మాది ఇంకోదాని ముందు గోళ్ళు ఊపుతోంది, మగదేనండీ" అని వీడియో పంపిన రెండు తాబేళ్ళూ తర్వాత ఆడవని తేలాయి.

శరీరం ఆకారం సంగతి. గుండ్రంగా ఉంటే ఆడది, కోలగా ఉంటే మగది అంటారు. పెద్దవాటిలో ఇందులో కొంత నిజం ఉంది, ఆడదాని డిప్ప ఎత్తుగా, మగదాని డిప్ప కాస్త చదునుగా ఉంటుంది. పిల్లల్లో ఇది తప్పుదారి. గుడ్డులోంచి వచ్చినప్పుడు అన్నీ నాణెంలా గుండ్రంగానే ఉంటాయి, ఎదిగేకొద్దీ అన్నీ కోలగా అవుతాయి. కాబట్టి 6 సెంటీమీటర్ల మగపిల్ల 9 సెంటీమీటర్ల ఆడపిల్ల కంటే గుండ్రంగా కనిపించడం మామూలే. వెడల్పును పొడవుతో భాగించి పోల్చాలంటే ఒకే పొడవున్న వాటినే పోల్చాలి. అలా పోల్చినా పది సెంటీమీటర్ల లోపు నాకు పనికొచ్చే తేడా కనపడలేదు. డిప్ప మీద నిర్ణీత బిందువులను గుర్తించి కంప్యూటర్‌తో ఆకారాన్ని విశ్లేషించి అప్పుడే పుట్టిన తాబేళ్ళ లింగాన్ని అంచనా కట్టే ప్రయత్నాలు శాస్త్రవేత్తలు చేశారు. ఆ తేడాలు కంటికి అందేవి కావు. పైగా గుడ్డు పొదిగిన వేడి, తేమ కూడా డిప్ప ఆకారాన్ని మారుస్తాయి.

పొట్ట డిప్ప లోపలికి గుంటపడి ఉంటే మగది అనే గుర్తు నేల తాబేళ్ళది. స్లైడర్‌లలో రెండింటికీ పొట్ట దాదాపు చదునే. బాల్కనీ గాజు తలుపు వెనక పెంచిన పిల్లల్లో కాల్షియం చాలక, ఎండలోని యూవీబీ (ఒక రకం అతినీలలోహిత) కిరణాలు అందక డిప్ప మెత్తబడి పొట్ట కుంగుతుంది. కిటికీ గాజు యూవీబీని ఆపేస్తుందని చాలామందికి తెలియదు. అలాంటి గుంటను చూసి "మగది" అని సంతోషించడం ఘోరం, అక్కడ కనపడేది జబ్బు. డిప్ప అంచును వేలితో మెల్లగా నొక్కితే వంగుతోందంటే లింగం సంగతి పక్కన పెట్టి ముందు పశువైద్యుడి దగ్గరికి వెళ్ళాలి.

వయసు అడగకండి, పొడవు చెప్పండి అని అందరికీ అంటుంటాను. బెంగళూరులో డిసెంబరు, జనవరి రాత్రులు 15, 16 డిగ్రీలకి దిగుతాయి. హీటరు లేని తొట్టిలో నీళ్ళు చల్లబడితే తాబేలు మేత మానేస్తుంది, ఎదుగుదల ఆగిపోతుంది. చెన్నైలో ఏడాదంతా తిని పెరిగిన పిల్లతో దీన్ని వయసు చూసి పోల్చలేం. నేను చూసినవాటిలో నాలుగేళ్ళు నిండినా 8 సెంటీమీటర్లు దాటనిది ఉంది. ఎండు రొయ్యలు తప్ప ఇంకేమీ పెట్టకపోవడం, చలి, రెండూ కలిసిన ఫలితం. నాలుగేళ్ళు కదా, చిన్నగా ఉంది కదా, మగదే అని ఇంట్లోవాళ్ళు తేల్చేశారు. హీటరుతో నీళ్ళు 26 డిగ్రీల దగ్గర నిలబెట్టి, పెల్లెట్లు, ఆకుకూర, కాల్షియం కోసం కటిల్‌బోన్ (కటిల్‌ఫిష్ లోపలి గుల్ల) ముక్క ఇచ్చాక మళ్ళీ ఎదిగింది. 11 సెంటీమీటర్ల దగ్గర కూడా రంధ్రం అంచు లోపలే, గోళ్ళు పొట్టివే. ఆడది. మగది పది సెంటీమీటర్ల దగ్గరే యుక్తవయసుకి వస్తుంది, ఆడది 15 దాటాకే. అందుకే 10 దాటి రెండు మూడు నెలలు గడిచినా మగ గుర్తులు ఏవీ రాకపోతే ఆడదని నమ్మకంగా రాసుకుంటాను. ఆడదని తేలడం ఎప్పుడూ ఆలస్యమే. గుర్తు వస్తే మగది, రాకపోవడమే ఆడదాని గుర్తు. గుర్తు రాకపోవడాన్ని రాసుకోవాలంటే ఓపిక పట్టాలి.

పట్టుకున్నప్పుడు ఒక్కోసారి జవాబు దానంతటదే బయటపడుతుంది. తోక మొదట్లోంచి ముదురు ఊదా, నలుపు రంగులో పువ్వులా విచ్చుకున్న అవయవం బయటికి వస్తుంది. పేగు జారిందని హడలిపోతారు. అది మగదాని జననాంగం. నీళ్ళలో వదిలేస్తే కొన్ని నిమిషాల్లో లోపలికి వెళ్ళిపోతుంది. వేలితో నెట్టకూడదు. గంట గడిచినా లోపలికి పోకపోతే, ఉబ్బితే, ఎండుతుంటే, లేదా బయటికొచ్చింది గులాబీ, ఎరుపు రంగు కణజాలమైతే, వేరే తాబేళ్ళు కొరక్కుండా విడిగా శుభ్రమైన నీళ్ళలో తడిగా ఉంచి అదే రోజు వైద్యం చేయించాలి.

మరి పుట్టిన పిల్లకి ఏ దారీ లేదా? ఉంది గానీ ఇంట్లో కాదు. మత్తు ఇచ్చి, వెనక తొడ ముందరి గుంటలోంచి సన్నని ఎండోస్కోపు పంపి బీజకోశాలను (వృషణాలా, అండాశయాలా అని) నేరుగా చూడొచ్చు. సరీసృపాల వైద్యంలో అనుభవం ఉన్న పశువైద్యులే చెయ్యాలి. పెంపుడు స్లైడర్ కోసం నేను ఎవరికీ ఆ సలహా ఇవ్వను, కొన్ని నెలలు ఆగితే డిప్ప అంచే చెప్తుంది.

దుకాణంలో "గుడ్డు నుంచే జోడీ కట్టాం" అంటే అడగాల్సింది ఒకటే, ఏ వేడిలో పొదిగారు? స్లైడర్‌లలో లింగాన్ని నిర్ణయించేది క్రోమోజోములు కాదు, పొదుగుదల మధ్య కాలంలో గుడ్డుకి తగిలిన వేడి. 26 డిగ్రీల దగ్గర మగవి, 31 దగ్గర ఆడవి, 29 చుట్టుపక్కల రెండూ పుడతాయి. సరీసృపాల్లో ఇలా జరుగుతుందని 1966లో మదలీన్ షార్నియే ఒక ఆఫ్రికా తొండ జాతిలో గమనించారు. చెన్నై దగ్గరి మద్రాస్ క్రొకడైల్ బ్యాంక్‌లో మన మగ్గర్ మొసలి గుడ్ల మీద చేసిన పని ఇంకా ఆసక్తికరం. అక్కడ 32.5 డిగ్రీల దగ్గర ఎక్కువగా మగవి వస్తాయి, అంతకు తక్కువైనా బాగా ఎక్కువైనా ఆడవి. తాబేలు లెక్క మొసలికి సరిపోదు.

బియర్డెడ్ డ్రాగన్ (పెంపుడు తొండ జాతి) పిల్లల గురించి కూడా అడుగుతారు. వాటిని కాస్త ముందే చెప్పొచ్చు. అరచేతిలో నిలబెట్టి, తోకను మొదలు దగ్గర పట్టుకుని తొంభై డిగ్రీలకి తక్కువగానే పైకెత్తాలి. దీని తోక విరిగితే మళ్ళీ మొలవదు. తోక పైనుంచి టార్చి వేస్తే అడుగున, రంధ్రానికి వెనక, అటూ ఇటూ రెండు ఉబ్బులు, మధ్యలో పల్లం కనపడితే మగది. మధ్యలో ఒకే చిన్న ఉబ్బు, లేదా ఏమీ లేకపోతే ఆడది. బాల్ పైథాన్ (ఆఫ్రికాకి చెందిన చిన్న కొండచిలువ) పిల్లల్లో తోక ఆకారం చూసి చెప్పడం నమ్మకం లేని పని. అవస్కర రంధ్రంలోంచి తోక వైపు సన్నని కడ్డీ పంపి ఎన్ని పొలుసుల దాకా వెళ్తుందో చూసే పద్ధతి ఉంది, ఆడదానిలో రెండు నుంచి నాలుగు, మగదానిలో ఏడు దాటి. చేతిలో శిక్షణ లేనివాళ్ళు చేస్తే లోపల చీరుకుపోయి మగది జీవితాంతం పనికిరాకుండా పోతుంది. బాల్ పైథాన్ సైటిస్ (వన్యజీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉన్న జాతి, పెంచేవాళ్ళు కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి.

నక్షత్ర తాబేలు పిల్ల ఫోటో పంపి ఆడో మగో చెప్పమంటే చెప్పను. అది వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లోని జీవి, ఇంట్లో ఉంచుకోవడమే నేరం. అటవీ శాఖకి అప్పగించమని మాత్రం చెప్తాను. ఆడదని తేలాక తొట్టి చాలదని స్లైడర్‌ను అగర చెరువులోనో హలసూరు చెరువులోనో వదిలేద్దామనేవాళ్ళకీ అంతే గట్టిగా చెప్తాను, వద్దు. ప్రపంచంలో అత్యంత హాని చేసే వంద పరదేశీ జాతుల పట్టికలో ఇది ఉంది. మన చెరువు తాబేళ్ళ తిండినీ, ఎండ కాచుకునే చోటునూ లాక్కుంటుంది.

పదకొండింటిలో ఆరు ఆడవి, నాలుగు మగవి. మిగిలిన ఒకటి 9.1 సెంటీమీటర్లు. రంధ్రం సరిగ్గా అంచు మీద ఉంది, ముందరి గోరు వెనక గోరుకి ఒకటింపావు రెట్లు. దాని పేరు ఎదురుగా ప్రశ్నార్థకం పెట్టి, ఇంటివాళ్ళకి ఆడదనే అనుకుని ఇసుక తొట్టికి చోటు చూసుకోమని చెప్పాను.